గడువు దాటిన ఫిర్యాదుకు ఒక పద్ధతి రాయండి: తెలుగు ఫిల్మ్ చాంబర్ ప్యానెల్‌కు బహిరంగ లేఖ

తెలుగు ఫిల్మ్ చాంబర్ లైంగిక వేధింపుల ఫిర్యాదుల ప్యానెల్ సభ్యులకు, చాంబర్ కార్యవర్గానికి, మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్, ఫిల్మ్ ఫెడరేషన్ పెద్దలకు

నమస్కారం.

పేరున్న నటుడి మీదో, దర్శకుడి మీదో, సంగీత దర్శకుడి మీదో పదేళ్ల కిందటి, ఇరవై ఏళ్ల కిందటి లైంగిక వేధింపుల ఆరోపణ వస్తే దాన్ని ఎలా విచారించాలో ఒక పద్ధతి రాసి, పరిశ్రమలో పనిచేసే ప్రతి ఒక్కరికీ కనపడేలా పెట్టమని అడగడానికి ఈ లేఖ. మేం సంస్థల్లో లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూసే అంతర్గత కమిటీల్లో బయటి సభ్యులుగా కూర్చునేవాళ్లం, ఇలాంటి కేసులు చూసే న్యాయవాదులం, నిర్మాణ సంస్థల లెక్కలూ రికార్డులూ తెలిసినవాళ్లం. ఏ ఒక్కరి కేసు మీదా తీర్పు చెప్పడం మా ఉద్దేశం కాదు.

పాత ఆరోపణ వచ్చినప్పుడు మన దగ్గర సాధారణంగా రెండు జరుగుతాయి. ఆ సాయంత్రమే టీవీ చర్చల్లో తీర్పు వచ్చేస్తుంది. సగం మంది ఆమెను అబద్ధాలకోరంటారు, సగం మంది అతన్ని దోషి అంటారు. లేకపోతే "చట్టం తన పని తాను చేసుకుపోతుంది" అని ఒక ప్రకటన వస్తుంది, అందరూ తప్పుకుంటారు. మా అనుభవంలో ఎక్కువ నష్టం చేసేది ఆ రెండో మాటే. పాత ఆరోపణల్లో చాలావాటిని చట్టం ఇక ముట్టుకోలేదు, గడువు దాటిపోయి ఉంటుంది. గడువు దాటిందంటే ఏమీ జరగలేదని తేలినట్టు కాదు. ఎవరూ విచారించలేదని మాత్రమే అర్థం. అతను తప్పు చేయకపోతే ఆ మాట చెప్పేవాళ్లు లేరు, ఆమెకు నిజంగా జరిగితే వినేవాళ్లు లేరు. ఆ ఖాళీని పూడ్చగలిగింది మీ ప్యానెల్ ఒక్కటే.

ముందు గడువుల లెక్క చూడండి. పనిచేసే చోట లైంగిక వేధింపుల నివారణకు వచ్చిన 2013 చట్టం, అంటే పోష్, 9వ సెక్షన్‌లో మూడు నెలలు ఇచ్చింది. వేధింపు వరసగా సాగితే చివరి ఘటన నుంచి లెక్క. కారణాలు రాసి కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు. అక్కడితో సరి. నోరు విప్పితే తన సీన్లు ఎడిటింగ్‌లో లేచిపోతాయని భయపడే అమ్మాయి సినిమా విడుదలయ్యే దాకా ఆగితే, ఆ ఆరు నెలలు ఎప్పుడో దాటిపోతాయి. 2025 సెప్టెంబరులో కోల్‌కతాలోని న్యాయ విశ్వవిద్యాలయం ఉపకులపతి మీద వచ్చిన ఫిర్యాదును సుప్రీంకోర్టు ఈ గడువు దగ్గరే ఆపేసింది. అయితే ఆ తీర్పును ఆయన తన రెజ్యూమెలో చేర్చాలని కూడా ఆదేశించింది. గడువు ముగియడం, విషయం ముగియడం ఒకటి కాదని దేశంలో పెద్ద కోర్టే గుర్తించిన సందర్భం ఇది.

క్రిమినల్ కేసుకు లెక్క వేరు. నేరానికి గరిష్ఠ శిక్ష ఏడాది లోపయితే ఏడాదిలోగా, మూడేళ్ల లోపయితే మూడేళ్లలోగా ఫిర్యాదు చేయాలి. మూడేళ్లకు మించిన శిక్ష ఉన్న నేరానికి గడువే లేదు. క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చట్టాలు, అంటే పాత సీఆర్‌పీసీ 468, ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్ 514 సెక్షన్లు, చెప్పేది ఇదే. అత్యాచారానికి ఏనాడూ గడువు లేదు. చిక్కంతా మిగతావాటితో. మన పరిశ్రమలో ఎక్కువగా వినపడేది "కమిట్‌మెంట్" అడిగారన్న ఫిర్యాదు. వేషం కావాలంటే ఒప్పుకో అని అడగడం 2013 ఫిబ్రవరిలో పాత శిక్షాస్మృతి ఐపీసీలోకి 354ఏ సెక్షన్ వచ్చాకే విడిగా పేరున్న నేరమయింది. దానికి గరిష్ఠ శిక్ష మూడేళ్లు, కాబట్టి గడువు మూడేళ్లు. 2013కు ముందు మాటలతో, సైగలతో వేధిస్తే 509వ సెక్షన్, శిక్ష ఏడాది, గడువూ ఏడాదే. అంటే అందరికన్నా ఎక్కువమందికి ఎదురయ్యే వేధింపే చట్టం చేతుల్లోంచి అందరికన్నా ముందు జారిపోతోంది. ఆలస్యానికి సరైన కారణం ఉంటే గడువును పక్కన పెట్టే అధికారం కోర్టుకుంది కానీ, ఆ ఆశ మీద ఎవరినీ పోలీస్ స్టేషన్‌కు పంపకూడదు.

ఇక్కడే పరిశ్రమలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఒంటి మీద చెయ్యి వేసిన కేసుల్లో వాడే 354వ సెక్షన్‌కు కేంద్ర చట్టంలో 2013 దాకా గరిష్ఠ శిక్ష రెండేళ్లే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మాత్రం 1991లోనే 6వ నంబరు చట్టంతో దాన్ని సవరించి, ఐదేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా శిక్ష పెట్టింది. నేరం జరిగిన రోజున, జరిగిన చోట అమల్లో ఉన్న చట్టమే వర్తిస్తుంది. కాబట్టి ఒకే యూనిట్, ఒకే సినిమా, 2006 అనుకోండి. అరకులో జరిగిన ఘటనకు గడువు లేదు. అదే యూనిట్ కేరళలోని మూణారు వెళ్లినప్పుడు జరిగితే మూడేళ్ల గడువు 2009లోనే అయిపోయింది. కేరళలో సరిగ్గా ఇదే జరిగింది. 2009లో కొచ్చిలో జరిగిందంటూ ఒక నటి 2024లో ఒక దర్శకుడి మీద పెట్టిన కేసును, ఆనాటి 354కు శిక్ష రెండేళ్లే కాబట్టి గడువు దాటిందని, కేరళ హైకోర్టు 2025లో కొట్టేసింది. మన అరకుకు ఆ తీర్పు అతకదు. "కేరళలో కొట్టేశారు కదా, ఇక్కడా అంతే" అని ఫిర్యాదు తెచ్చిన మనిషికి ప్యానెల్‌లో ఎవరైనా చెప్పి పంపితే అది తప్పు సలహా.

అందుకే మీ ఫిర్యాదు ఫారంలో మొదటి మూడు గళ్లు తేదీ, చోటు, అప్పటి వయసు కావాలి. వయసు ఎందుకంటే, 2012 నవంబరు 14 తర్వాత పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకు జరిగితే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం పోక్సో వర్తిస్తుంది. ఆ చట్టం ఫిర్యాదుకు గడువు పెట్టలేదు, ఫిర్యాదుదారుకు ఇప్పుడు ముప్పై ఏళ్లున్నా సరే. పైగా ఆ చట్టం 19వ సెక్షన్ ప్రకారం విషయం తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు. ప్యానెల్‌కు మినహాయింపు లేదు. కాబట్టి చైల్డ్ ఆర్టిస్టుగానో, డాన్స్ గ్రూపులో చిన్నపిల్లగానో ఉన్నప్పుడు జరిగిందని చెప్పబోతున్న మనిషికి, ఆమె నోరు విప్పకముందే ఈ సంగతి చెప్పాలి. చెప్పాక తెలిస్తే మోసపోయానని అనుకుంటుంది, అనుకోవడంలో న్యాయం కూడా ఉంది. ఇంకొకటి, ఐపీసీ అత్యాచారం సెక్షన్‌లో 2013 ఫిబ్రవరికి ముందు సమ్మతి వయసు పదహారు. ఆ తేదీకి అటూ ఇటూ జరిగినవాటిని ఒకే కొలతతో కొలవకూడదు.

"ఆ రోజుల్లో ఇదంతా మామూలే" అనే వాదన ప్రతి విచారణలోనూ వస్తుంది. సుప్రీంకోర్టు విశాఖ తీర్పు వచ్చింది 1997 ఆగస్టు 13న. పనిచేసే చోట లైంగిక వేధింపు ఏమిటో, యజమాని ఏం చేయాలో ఆ రోజు నుంచే దేశమంతటికీ చట్టం. ఆ తర్వాత జరిగిన దేనికీ ఈ వాదన చెల్లదని మీ పద్ధతిలో ఒక వాక్యం రాసేస్తే ప్రతిసారీ ఆ చర్చ ఉండదు.

ఇక మొదటి వాంగ్మూలం. పాత ఫిర్యాదులు ఎక్కువగా చెడిపోయేది ఇక్కడే. ఆమె "నడుం మీద చెయ్యేసి గదిలోకి లాగాడు" అంటుంది. రాసేవాళ్లు "అసభ్యంగా ప్రవర్తించాడు" అని రాస్తారు. ఆరు నెలల తర్వాత పోలీసుల ముందు ఆమె మళ్లీ మొదటి మాటే చెబితే, అవతలి లాయరు ప్యానెల్ కాగితం తీసి "అప్పుడు చెయ్యి సంగతి చెప్పలేదే, ఇప్పుడు కల్పించింది" అంటాడు. ఆమె మాటను ఆమె యాసలోనే, బూతుమాట ఉంటే ఆ బూతుమాటతో సహా, ఉన్నదున్నట్టు రాయాలి. మధ్యలో అడ్డు తగలకుండా మొదట అంతా చెప్పనివ్వాలి. ప్రశ్నలు ఆ తర్వాతే. గుర్తులేదన్నది "గుర్తులేదు" అనే రాయాలి, ఊహించి పూరించమని ఒత్తిడి చేయకూడదు. ప్రతి పేజీ చదివి వినిపించి సంతకం తీసుకుని, ఒక ప్రతి అక్కడికక్కడే ఆమె చేతికి ఇవ్వాలి. పదిమందికి పదిసార్లు చెప్పించడం వల్ల ఏ వాంగ్మూలమూ బలపడదు. ఒక్కసారి, ఇద్దరి ముందు, పూర్తిగా.

"ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నావు" అనేది మొదటి ప్రశ్న కాకూడదు, అయితే అడగకుండా వదిలేయనూ కూడదు. లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు 2013లో చెప్పినదాని ప్రకారం, సరైన వివరణ లేకుండా మూడు నెలలకు మించిన ఆలస్యం ఉంటే ఎఫ్‌ఐఆర్‌కు ముందు పోలీసులు ప్రాథమిక విచారణ చేయవచ్చు. కాబట్టి ఆలస్యానికి కారణం విడిగా ఒక పేజీ రాయించాలి. "పరువు పోతుందని" అన్న ఒక్క మాట చాలదు. ఆ బ్యానర్‌తో ఇంకో సినిమాకు అగ్రిమెంట్ ఉందా, అడ్వాన్స్ తీసుకుందా, యూనియన్ కార్డు ఎవరి చేతిలో ఉంది, ఇంటి అద్దె ఎవరు కడుతున్నారు, ఎవరికైనా చెబితే వాళ్లేమన్నారు, అన్నీ తేదీలతో. మొదట ఎవరికి చెప్పింది అన్నది అన్నిటికన్నా ముఖ్యం. అక్కకో, రూమ్‌మేట్‌కో, మేకప్ వుమన్‌కో ఆ వారంలో చెప్పి ఉంటే, ఆ మనిషిని వేరుగా పిలిచి, ఫిర్యాదు కాగితం చూపకుండా, ఏం విన్నారో వాళ్ల మాటల్లోనే రాసుకోవాలి.

జ్ఞాపకం ఎలా పనిచేస్తుందో తెలియకపోతే ఇక్కడ రెండు వైపులా పొరపాటు జరుగుతుంది. జరిగిన ఘటన గట్టిగా గుర్తుంటుంది, చుట్టూ ఉన్న తేదీలూ వరసా చెదిరిపోతాయి. సినిమావాళ్లయితే సంవత్సరాన్ని విడుదలను బట్టి గుర్తుపెట్టుకుంటారు. షూటింగ్ అంతకు ఏడాది ముందు జరిగి ఉంటుంది. "2007 వేసవి" అన్న మాట తప్పని తేలగానే ఫిర్యాదంతా అబద్ధమనడం తప్పు. ఆ తప్పును సర్దేసి ముందుకుపోవడం కూడా తప్పే. రికార్డు తీసి చూడాలి.

ఏ రికార్డు? కోర్టులకు తెలియనిది, మీకు తెలిసినది ఇదే. 2006లో అరకు ఔట్‌డోర్‌లో, హోటల్ గదిలో జరిగిందని ఫిర్యాదు వచ్చిందనుకుందాం. ముందుగా చూడాల్సింది ఆ షెడ్యూల్ కాల్‌షీట్లు, రోజువారీ ప్రొడక్షన్ రిపోర్టులు. ఆ రోజు ఆమెకు, అతనికి ఎన్ని గంటలకు కాల్, ప్యాకప్ ఎప్పుడు అన్నది అందులో ఉంటుంది. తర్వాత ప్రొడక్షన్ మేనేజర్ క్యాష్‌బుక్, బేటా (రోజువారీ భత్యం) వోచర్లు. ఎవరెవరికి ఎన్ని రోజుల బేటా ఇచ్చారో చూస్తే యూనిట్‌లో ఎవరున్నారో, ఎవరు మధ్యలో వెళ్లిపోయారో తేలుతుంది. హోటల్ రూమింగ్ లిస్టు దొరికితే ఎవరి గది పక్కన ఎవరిదో తెలుస్తుంది. అతని గది పై అంతస్తులో సూట్ అని ఆమె చెప్పినది నిజమో కాదో ఆ ఒక్క కాగితం తేల్చగలదు. కంపెనీల చట్టం లెక్కల పుస్తకాలను ఎనిమిదేళ్లే ఉంచమంటుంది, కాబట్టి 2006 నాటివి ఆఫీసులో ఉండకపోవచ్చు. అక్కడితో వదిలేయకండి. కో-డైరెక్టర్ కంటిన్యూటీ పుస్తకం ఇంట్లో దాచుకుని ఉంటాడు. స్టిల్ ఫొటోగ్రాఫర్ దగ్గర నెగటివ్‌లు ఉంటాయి. ఏ రోజు ఏ కాస్ట్యూమ్‌లో ఎవరున్నారో వాటిలో కనపడుతుంది. సినిమా వారపత్రికల ఆన్ లొకేషన్ కథనాలు లైబ్రరీల్లో ఉన్నాయి. ఫెడరేషన్ యూనియన్ల దగ్గర రోజువారీ వేతనాల రిజిస్టర్లు ఉంటే అవి బంగారం లాంటి సాక్ష్యం.

ఫోన్ రికార్డుల మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. కాల్ వివరాలు టెలికాం కంపెనీలు ఉంచాల్సింది రెండేళ్లు. వాట్సాప్ పుట్టిందే 2009లో. పాత ఫోన్‌లో ఎస్‌ఎంఎస్‌లు మిగిలి ఉంటే ఆ ఫోన్‌ను చార్జింగ్ పెట్టి తెరిచి చూడకండి, ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి, అలాగే కవర్‌లో పెట్టి నిపుణుడికి ఇవ్వాలి. స్క్రీన్‌షాట్ ఒక్కటే ఇస్తే కోర్టులో నిలబడటం కష్టం. భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ కావాలి. అందులో ఒక భాగం ఆ సమాచారాన్ని ఇచ్చే మనిషి, ఇంకో భాగం నిపుణుడు సంతకం చేయాలి, ఫైలు మారలేదని చూపే హ్యాష్ విలువ రాయాలి. రేపు కేసు పోలీసుల దాకా వెళ్తే ఇవాళ మీరు చేసిన పొరపాటు అప్పుడు బయటపడుతుంది.

ఆరోపణ ఎదుర్కొంటున్న మనిషికి ఇవ్వాల్సినవి ఇంతే గట్టిగా రాసిపెట్టాలని కోరుతున్నాం. ఫిర్యాదు పూర్తి ప్రతి, జతచేసిన కాగితాలు, జవాబుకు పోష్ నియమాల్లో లాగే పది పని దినాలు, సాక్షులకు రాతపూర్వకంగా ప్రశ్నలు పంపే అవకాశం. అదే తేదీల్లో తాను వేరే సినిమా షెడ్యూల్‌లో ఉన్నానని అతనంటే ఆ సినిమా కాల్‌షీట్ కూడా ప్యానెలే తెప్పించాలి. అతను అక్కడ లేడని తేలితే ఆ మాట అంతే స్పష్టంగా రాయాలి. తొందరపడితే ఏమవుతుందో గోవా విశ్వవిద్యాలయం కేసు చెబుతుంది. 2009లో అక్కడి కమిటీ హడావిడిగా విచారణ ముగించి ప్రొఫెసర్‌ను తప్పుపట్టింది. తన వాదన చెప్పుకోవడానికి తగిన అవకాశం ఇవ్వలేదని 2023 మేలో సుప్రీంకోర్టు ఆ వేటును రద్దు చేసి కేసును వెనక్కి పంపింది. పద్నాలుగేళ్లు పోయాయి. అందరికన్నా ఎక్కువ నష్టపోయింది ఫిర్యాదు చేసిన విద్యార్థినులే.

ఒకే మనిషి మీద నలుగురు చెబితే? నలుగురు చెబుతున్నారు కాబట్టి నిజమే అనుకోవడం సహజం. అది నిజానికి దగ్గర కావచ్చు, కానీ ప్రతి ఫిర్యాదునూ విడిగా తేల్చాకే ఆ మాట అనాలి. ఒకరికొకరు తెలుసా, టీవీలో చూశాక గుర్తొచ్చిందా, మొదటి ఫిర్యాదు బయటికి రాకముందే వీళ్లు ఎవరికైనా చెప్పారా అని అడిగి రాసుకోవాలి. ఒకరికొకరు తెలియని ఇద్దరు ఒకే తీరు చెబితే దానికున్న బరువు వేరు, ఒకే వాట్సాప్ గ్రూపులో మాట్లాడుకున్నాక చెబితే వేరు. హాలీవుడ్ నిర్మాత హార్వీ వైన్‌స్టీన్‌కు 2020లో పడిన శిక్షను న్యూయార్క్ అత్యున్నత కోర్టు 2024 ఏప్రిల్‌లో నాలుగు మూడు తేడాతో రద్దు చేసింది. అభియోగాల్లో లేని ఇతర మహిళల సాక్ష్యాన్ని జ్యూరీకి వినిపించడమే కారణం. 2025లో మళ్లీ విచారణ జరిగి ఒక అభియోగం మీద దోషిగా తేలాడు. సాక్ష్యం పోగయ్యాక దాన్ని ఏ పెట్టెలో పెట్టాలో తెలియకపోతే గెలిచిన కేసూ మళ్లీ మొదటికొస్తుంది.

ఇక ఫలితం. ఇక్కడే మా అసలు విన్నపం. ప్యానెల్ నాలుగు రకాల తీర్మానాల్లో ఒకటి రాయాలి: జరిగిందని తేలింది, జరగలేదని తేలింది, ఉన్న సాక్ష్యంతో తేల్చలేకపోయాం, గడువు వల్ల చట్టం కింద విచారించలేకపోయాం. ఇవాళ ఈ చివరి రెండూ బయటికి "క్లీన్ చిట్" అనే మాటగా వెళ్తున్నాయి. ఆ మాట మీ కాగితాల్లో ఎక్కడా రాకూడదు. అలాగే తేల్చలేకపోయిన ఫిర్యాదు తప్పుడు ఫిర్యాదు కాదు. నిరూపించలేకపోయినంత మాత్రాన చర్య తీసుకోకూడదని పోష్ 14వ సెక్షనే చెబుతోంది. దురుద్దేశం ఉందనాలంటే దాన్ని విడిగా విచారించి నిరూపించాలి. సాక్ష్యం కొలత విషయంలో కూడా స్పష్టంగా ఉండాలి. జైలుకు పంపేది మీరు కాదు, కాబట్టి అనుమానానికి తావులేని రుజువు అక్కర్లేదు. జరగలేదనడం కన్నా జరిగిందనడానికే ఎక్కువ ఆధారం ఉందా అన్నది చాలు. అయితే చర్య ఎంత పెద్దదయితే ఆధారం అంత గట్టిగా ఉండాలి. సభ్యత్వం రద్దుకు ఒక మాట మీద మాట సరిపోదు.

చట్టం గడువు దాటాక మీ చేతిలో ఏముంటుందని అడుగుతారు. సభ్యత్వ నియమాలు మీవి. సన్మానాలు, అవార్డుల సిఫారసులు మీవి. అగ్రిమెంట్ నమూనా మీది. పోష్ గడువు మీ నియమావళిని కట్టేయదు, కాకపోతే ఆ నియమాలు ముందే రాసి ఉండాలి, అందరికీ ఒకటే కావాలి. ఒక పేరు వచ్చాక ఆ పేరు కోసం నియమం రాస్తే ఏ కోర్టూ ఒప్పుకోదు. ఆరోపణ ఎదుర్కొన్న మనిషి చనిపోయి ఉంటే అతని మీద తీర్మానం చేయవద్దు, జవాబు చెప్పుకోలేడు. కానీ అప్పుడు ఎవరికి తెలిసి ఊరుకున్నారు, ఫిర్యాదు ఎక్కడ ఆగిపోయింది అన్నది విచారించవచ్చు. బీబీసీ టీవీ వ్యాఖ్యాత జిమ్మీ సావిల్ 2011లో చనిపోయాక బీబీసీ ఇలాగే తన సంస్థ వైఫల్యం మీద మాజీ జడ్జితో విచారణ చేయించి 2016లో ఆ నివేదికను ప్రచురించింది.

గోప్యత గురించి రెండు మాటలు. పోష్ 16వ సెక్షన్ ఇద్దరి పేర్లనూ కాపాడుతుంది, ఆమెదొక్కటే కాదు. బాధితురాలి గుర్తింపు బయటపెడితే ఐపీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్ 72 కింద రెండేళ్ల దాకా శిక్ష. విచారణ నడుస్తుండగా ప్యానెల్ సభ్యులెవరూ టీవీ చర్చలకు వెళ్లకూడదు. విచారణను ఫిల్మ్‌నగర్‌లో చాంబర్ భవనంలో పెట్టకండి, గేటు దగ్గర కెమెరాలుంటాయి. బ్రిటన్ గాయకుడు క్లిఫ్ రిచర్డ్ ఇంటి సోదాను బీబీసీ 2014లో హెలికాప్టర్ నుంచి చూపించింది. ఆయన మీద అసలు అభియోగమే నమోదు కాలేదు. 2018లో ఆయనకు 2,10,000 పౌండ్ల పరిహారం ఇవ్వాలని కోర్టు చెప్పింది. డబ్బు వచ్చింది కానీ ఆ దృశ్యాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేరు.

ఫిర్యాదు చేసినవాళ్ల పని పోకుండా చూడటం మీ పద్ధతిలో సగం భాగం కావాలి. 2018 ఏప్రిల్‌లో చాంబర్ ముందు నిరసన తెలిపిన నటితో ఎవరూ నటించవద్దని మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్ ముందు ప్రకటించి, కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకున్న సంగతి అందరికీ గుర్తుంది. జాతీయ మానవ హక్కుల కమిషన్ కూడా అప్పుడు నోటీసిచ్చింది. అదే ఏడాది చెన్నైలో డబ్బింగ్ యూనియన్ ఒక గాయని సభ్యత్వాన్ని చందా బాకీ పేరుతో తీసేసింది. వేధింపుల గురించి ఆమె గొంతెత్తిన కొద్ది వారాలకే. కాబట్టి ఫిర్యాదు అందిన రోజు నుంచి రెండేళ్ల పాటు మూడు నెలలకోసారి ఆమెనూ, సాక్షులనూ పిలిచి అడగండి: ఒప్పుకున్న సినిమాలోంచి తీసేశారా, పేమెంట్ ఆగిందా, కార్డు రెన్యువల్ ఆపారా? కారణం రాతపూర్వకంగా చెప్పలేని నిర్మాతకు చాంబర్ నుంచి నోటీసు వెళ్లాలి.

సమ్మతి గురించి చెప్పకపోతే ఈ లేఖ పూర్తికాదు. కేరళలో సినీ పరిశ్రమలోని మహిళల పరిస్థితిని చూసిన హేమ కమిటీ 2017లో ఏర్పడింది, 2019 డిసెంబరు 31న నివేదిక ఇచ్చింది, 2024 ఆగస్టు 19న అది బయటికొచ్చింది. గోప్యంగా ఉంచుతామంటే నమ్మి కమిటీ ముందు మాట్లాడిన మహిళల వాంగ్మూలాల ఆధారంగా పోలీసులు కేసులు పెట్టారు. వాళ్లు సహకరించకపోవడంతో 35 కేసులు మూసేస్తున్నట్టు 2025 జూన్‌లో హైకోర్టుకు ప్రభుత్వం చెప్పింది. వాళ్లను తప్పుపట్టలేం. అధ్యయనం కోసం చెప్పిన మాట వేరు, కేసు కోసం చెప్పే మాట వేరు, ఆ తేడా వాళ్లకు ముందు ఎవరూ చెప్పలేదు. మీ ఫారంలో మూడు విడి గళ్లు పెట్టండి: నా మాట రికార్డు కోసం మాత్రమే, ప్యానెల్ విచారణకు కూడా, పోలీసులకు కూడా. ప్రతి గడికీ విడిగా సంతకం, ఎప్పుడైనా మార్చుకునే హక్కు. పోక్సో వర్తించే కేసులో ఈ ఎంపిక లేదని పైనే అచ్చువేయాలి. పోలీసుల దగ్గరికి వెళ్తానంటే ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ ఇవ్వవచ్చని, షూటింగ్ జరిగిన ఊరికి వెళ్లక్కర్లేదని కూడా చెప్పాలి.

ప్యానెల్‌లో ఎవరుండాలి అన్నది ఇబ్బందికరమైన విషయమే అయినా చెప్పక తప్పదు. మన పరిశ్రమలో అందరికీ అందరూ బంధువులో, భాగస్వాములో. ఆరోపణ ఎదుర్కొంటున్న మనిషితో గత మూడేళ్లలో సినిమా చేసినవాళ్లు, ఇప్పుడు చేస్తున్నవాళ్లు, వియ్యం అందుకున్నవాళ్లు ఆ విచారణ నుంచి తప్పుకోవాలి. తప్పుకున్నట్టు రాసి సంతకం పెట్టాలి. సగానికి మించి సభ్యులు బయటివాళ్లు కావాలి.

తెలంగాణ ప్రభుత్వం 2019లో వేసిన కమిటీ సినీ పరిశ్రమలో మహిళల పరిస్థితి మీద 2022లో నివేదిక ఇచ్చింది. పేర్లు తొలగించి దాన్ని బయటపెట్టమని చాంబరే ప్రభుత్వాన్ని అడగాలి. హేమ నివేదిక వచ్చాక 2024లో పరిశ్రమలోని మహిళలు ఆ మాట అడిగారు. వాళ్ల వెనక మీ సంతకం కూడా ఉండాలి.

వచ్చే కార్యవర్గ సమావేశం ఎజెండాలో ఈ అంశం పెట్టండి. ఫిర్యాదు ఫారం, సమ్మతి పత్రం, నాలుగు రకాల తీర్మానాల నమూనా, సభ్యులు తప్పుకునే నియమం, ఈ నాలుగు కాగితాల ముసాయిదా మేం ఫీజు తీసుకోకుండా రాసిస్తాం, ప్యానెల్ సభ్యులకు రెండు రోజుల శిక్షణ కూడా ఇస్తాం. విచారణకు తొంభై రోజులు, నివేదికకు పది రోజులు అని పోష్‌లో ఉన్న గడువులనే పాత ఫిర్యాదులకూ పెట్టుకోండి. ఏటా మార్చి నెలాఖరున ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఏ తీర్మానంతో ఎన్ని ముగిశాయి, ఎన్ని మిగిలాయి అన్న అంకెలు పేర్లు లేకుండా చాంబర్ నోటీసు బోర్డు మీద పెట్టండి. ఒకవేళ మొదటి ఏడాది అన్నిట్లోనూ "తేల్చలేకపోయాం" అనే వచ్చినా ఆ అంకెను దాచకండి.

ఇట్లు,
అంతర్గత కమిటీల బయటి సభ్యులు, న్యాయవాదులు, సినీ నిర్మాణ రికార్డులు చూసేవాళ్లు కొందరం
హైదరాబాద్